వెనక వచ్చేవాళ్లకి

న్యుక్తా ఏటి వంపులో ఒక గుడిసె.
తాళం లేదు. గడియ బయటివైపే.
లోపల ఇనుప పొయ్యి, ఒక బల్ల,
డబ్బా అడుగున ఉప్పు,
దూలానికి వేలాడే గుడ్డసంచిలో అగ్గిపెట్టె.
ఆ సైబీరియా చలిలో ఎవరైనా రావచ్చు,
ఎవరినీ అడగక్కర్లేదు.
పోయేటప్పుడు మాత్రం
కాల్చినన్ని కట్టెలు కొట్టి పెట్టి పోవాలి.
ఈ మాట ఏ గోడ మీదా రాసి లేదు.

సున్నాకి నలభై ఆరు కింద,
పొద్దు గూకాక చేరింది అగ్రఫేనా.
వెంట ఒక్క రెయిన్‌డీర్. రెండోది పొద్దున్నే
ఏటి మంచు విరిగి లోపలికి పోయింది.
కనురెప్పలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి.
వంగి, పొయ్యి పక్కన తడిమింది.
బెరడు పొడి.
ఒక్క పుల్ల లేదు.

నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది,
రష్యన్‌లో కొన్ని, చాలక ఎవెంకీలో కొన్ని.
ఆపైన బల్ల విరగ్గొట్టింది.
ఆమె మామ చెక్కిన బల్ల అది.
ఎంత బాగా మండిందంటే
వేళ్లలోకి నెత్తురు తిరిగి వస్తుంటే
ఆమెకి సిగ్గేసింది.

తెల్లారింది. ఇక వెళ్లిపోవచ్చు.
ఉచ్చులు చూసుకోవాలి, పగలు నాలుగు గంటలే.
"నాకెవడు మిగిల్చాడని నేను మిగల్చాలి?"
అంది పైకే.
రెయిన్‌డీర్ చెవి కదిపింది.

నిజమే కదా.
బాకీ అయితే ఇచ్చినవాడికి తీర్చాలి.
ఇక్కడ ఇచ్చేవాడు ఒకడు, పుచ్చుకునేవాడు ఇంకొకడు,
ఇద్దరి మొహాలూ ఎరగని మనిషి నడుమన
గొడ్డలి పట్టుకుని నిలబడాలి.
ఏ షావుకారు రాస్తాడు ఈ పద్దు?

చెయ్యొచ్చు. చెయ్యాలి.
పలికేటప్పుడు పెద్ద తేడా ఉండదు.
మొదటిదాన్ని మానేస్తే ఎవరూ వేలెత్తి చూపరు.
రెండోదాన్ని మానేస్తే
చూపడానికి అక్కడ ఎవరూ లేకపోయినా
ఎవరిదో వేలు.

విసుక్కుంటూనే వెళ్లింది గుడిసె వెనక్కి.
అక్కడ మంచులో ఒక దుంగ, సగం కోసినది.
గొడ్డలి గాట్లన్నీ ఒకే పక్క,
లోతు లేవు, వంకర,
చిన్నపిల్లాడు కొట్టినట్టు.
లేదా ఒంటిచేత్తో.
దుంగ కింద గడ్డకట్టిన గుడ్డపీలిక, ఇటుకరంగు మరక.
నాలుగు కట్టెలు నడుము బెల్టుతో కట్టి ఉన్నాయి.
తలుపు వైపు కొంత దూరం ఈడ్చుకొచ్చి
అక్కడే వదిలేశారు.
పన్నెండు అడుగులు. ఆమె కొలిచింది.

రాత్రి తిట్లు వెనక్కి తీసుకుందామనుకుంది.
మంచులో జారిన మాటని
ఎక్కడని తవ్వుతాం?

చేతనైనంత, అంటాం మనం.
అతని చెయ్యి ఎంతయిందో
ఆ నాలుగు కట్టెలు చెబుతున్నాయి.
అయినా రాత్రి పొయ్యి చల్లగానే ఉంది,
బల్ల బల్లగా లేదు.
తప్పు ఎవరిదీ కాదంటే చలి ఊరుకుంటుందా?

నాకు మాత్రం ఒక అనుమానం మిగిలింది.
వాడు వట్టి సోమరిపోతే అయ్యుంటే,
ఆ మరక కనబడకపోయుంటే,
ఆమె కొట్టేదా?
ఏళ్ల తర్వాత వలకి ముళ్లేస్తూ ఉండగా అడిగాను.
కాసేపు నా మొహంలోకి చూసింది,
ప్రశ్న అర్థంకానట్టు.
"వెనక్కి వెళ్లేటప్పుడే
గొడ్డలి నా చేతిలో ఉంది కదా," అంది.
మళ్లీ వలలో పడిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా కొట్టిందట.
తను కాల్చినన్ని, అతను కాల్చినన్ని,
బల్ల కింద జమకట్టి ఇంకొన్ని.
ఉచ్చుల్లో ఒక సేబుల్‌ని నక్క తినేసింది.
బెల్టు మేకుకి తగిలించింది,
ఎవరైనా వస్తే ఇవ్వడానికి.
ఎవరూ రాలేదు. ఇప్పటికీ అక్కడే ఉందట.

ఆ నాలుగు కట్టెల్నీ
పేర్చిన మోపు మీద, అన్నిటికన్నా పైన పెట్టింది,
ముందు అవే అంటుకునేలా.